శివరాత్రికి ముందే బయల్దేరండి: హైదరాబాద్ నుంచి పూలచేల ఫొటోలకు ఒక్క రోజు

వసంతమంటే చైత్రమని బళ్ళో చదువుకున్నాం కదా, అందుకే మొదటిసారి పూలచేల ఫొటోలకు మేం ఉగాది దాటాక వచ్చిన ఆదివారం బయల్దేరాం. పిల్లలకు కొత్త బట్టలు, నాకు అరువు తెచ్చుకున్న లెన్సు, డిక్కీ నిండా పులిహోర. సిద్దిపేట వైపు ఓ ఊరి పక్కన నాలుగెకరాల పొద్దుతిరుగుడు చేను దొరికింది. పూలన్నీ తలలు నేలకు వేలాడేసి నల్లగా ఎండిపోయి ఉన్నాయి. ఇద్దరు ఆడవాళ్ళు కొడవళ్ళతో కోస్తున్నారు. పూలు చూద్దామని వచ్చామంటే ఒకామె కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. "శివరాత్రికి ముంగట రావాలె బిడ్డా. ఇప్పుడు గింజలే ఉన్నయి" అంది.

అక్కడే చెట్టు కింద పులిహోర తిని వచ్చేశాం. కానీ ఆమె మాటతో అసలు సంగతి తెలిసింది. హైదరాబాద్ చుట్టుపక్కల మనం వెతికేవి తోటలు కావు, పంటలు. రైతు విత్తిన రోజును బట్టి పూస్తాయి, అమ్మే రోజును బట్టి మాయమవుతాయి. కాబట్టి మీ సెలవు రోజు దగ్గర మొదలుపెట్టి చేను వెతక్కండి. ముందు చేను సంగతి కనుక్కుని, సెలవు దాని ప్రకారం పెట్టుకోండి.

ముందు పువ్వు, తర్వాత తేదీ

పొద్దుతిరుగుడుతో మొదలుపెడదాం, అందరూ అడిగేది అదే. యాసంగిలో (రబీలో) వేసేది ఎక్కువగా 90 నుంచి 100 రోజుల హైబ్రిడ్ పంట. విత్తిన 55, 65 రోజుల మధ్య పూతకొస్తుంది. నవంబరు, డిసెంబరుల్లో విత్తిన చేలు జనవరి నడిమి నుంచి ఫిబ్రవరి చివరి దాకా ఒకదాని తర్వాత ఒకటి పూస్తాయి. ఒక్కో చేను మాత్రం నిండుగా కనిపించేది పది రోజులే. మనం పువ్వు అనేది నిజానికి వందల చిట్టిపూల గుంపు. అవి బయటి అంచు నుంచి నడుమకు వలయాలుగా విచ్చుకుంటూ పోతాయి. బయట రెండు వరసలు విచ్చుకుని, నడిమి బొట్టు ఇంకా ఆకుపచ్చగా ఉన్న చేను దొరికితే సరైన రోజుకు వెళ్ళినట్టు. నడుమంతా గోధుమరంగు తిరిగిందంటే తల వాల్చడానికి సిద్ధమవుతోంది.

నా ఓటు మాత్రం కుసుమకు. తాండూరు, జహీరాబాద్ వైపు నల్లరేగడిలో వానాకాలం వెళ్ళాక మిగిలిన తడి మీద అక్టోబరు, నవంబరుల్లో వేస్తారు. జనవరి, ఫిబ్రవరి దాని కాలం. పసుపుగా విచ్చుకుని, వాడేకొద్దీ నారింజకు, ఎరుపుకు తిరుగుతుంది. ఒకే మొక్క మీద మూడు రంగులూ ఉంటాయి. జొన్న, శనగ చేల చుట్టూ నాలుగు సాళ్ళు కుసుమ వేసే అలవాటు ఉంది. ముళ్ళకు భయపడి గొడ్లు లోపలికి రావని. ముళ్ళు లేని రకాలు వచ్చాయి కానీ, మీకు దొరికేది ముళ్ళదే అనుకుని మందపాటి జీన్సు వేసుకోండి. లెగ్గింగ్స్‌తో వచ్చిన మా మరదలు ఆ రోజంతా కారు దగ్గరే కూర్చుంది.

బంతి, చామంతి అయితే దూరం పోనక్కర్లేదు. మొయినాబాద్, చేవెళ్ల, షాబాద్, శంకర్‌పల్లి మండలాల్లో దొరుకుతాయి. చామంతి పగలు తగ్గి రాత్రి పెరిగే రోజుల్లో పూసే మొక్క, సంక్రాంతి దాటితే దాని జోరు తగ్గిపోతుంది. బంతికి ఆ పట్టింపు లేదు. రైతులు పండగ లెక్క చూసుకుని నారు పోస్తారు. ఇక్కడే చాలామంది దెబ్బ తింటారు. శివరాత్రి నాడో, ఉగాది నాడో సెలవుంది కదా అని వెళ్తే చేను బోసిగా ఉంటుంది. పువ్వంతా ముందు రోజే మార్కెట్‌కు పోయుంటుంది. పండగకు నాలుగైదు రోజుల ముందు వెళ్ళండి.

ఫిబ్రవరి దాటిపోయిందా? అయితే చేలను వదిలేసి మోదుగు కోసం వెళ్ళండి, దాని సంగతి కిందికొస్తుంది.

చేను ఎక్కడుందో కనుక్కోవడం

ఫోన్ మ్యాపులో పూలచేను అని కొడితే ఫొటోషూట్ స్టూడియోలు వస్తాయి. నేను నమ్మే దారి గుడిమల్కాపూర్ పూల మార్కెట్. వెళ్ళాలనుకున్న వారానికి ముందు ఓ రోజు తెల్లవారుజామునే అక్కడికి వెళ్ళండి. బంతి బస్తాలు దించుతున్న ఆటో దగ్గర నిలబడి "అన్నా, ఏ ఊరి మాల్ ఇది?" అని అడగండి. ఊరి పేరు చెప్తారు. ఓ కిలో కొని ఇంకో ప్రశ్న అడిగితే, ఇంకెన్ని కోతలున్నాయో కూడా చెప్తారు. "ఇంకో రెండు కోతలుంటయి" అన్నారంటే ఆ వారంలోనే వెళ్ళిపోవాలి. ఈ మార్కెట్ కూడా ఫొటోలకు మంచి చోటే, కాకపోతే మనుషులు పరుగులు పెడుతుంటారు, మనం దారికి అడ్డం.

పొద్దుతిరుగుడు, కుసుమలు పూలుగా మార్కెట్‌కు రావు, నూనెగింజలు కదా. వాటికి ఊళ్ళో ఉన్న చుట్టమో, ఆఫీసులో ఆ జిల్లా నుంచి వచ్చే సహోద్యోగో దిక్కు. ఎరువుల దుకాణం వాళ్ళను అడిగినా చెప్తారు. విత్తనం అమ్మింది వాళ్ళే కాబట్టి ఎవరు ఎప్పుడు వేశారో వాళ్ళకు నోటి లెక్కే.

చేను దొరికాక ఉపగ్రహ మ్యాపులో ఒక్క విషయం చూసుకోండి: రోడ్డు చేనుకు ఏ వైపున ఉంది? ఎందుకో వెలుగు దగ్గర చెప్తాను. ఇది చూడకుండా వెళ్ళి రెండు సార్లు పూల వీపులు ఫొటో తీసుకొచ్చాను.

ముందు రాత్రి సర్దేవి

ఫోన్ చాలు. కెమెరా ఉంటే రెండు లెన్సులు, అందులో ఒకటి దూరానివి దగ్గరకు లాగేది. రెండో బ్యాటరీ, లెన్సు తుడిచే గుడ్డ, పాత దుప్పటి (మోకాళ్ళ మీద కూర్చోవడానికి), తెల్ల థర్మాకోల్ షీటు ఒకటి. మనిషికి రెండు లీటర్ల నీళ్ళు, టోపీ, బూట్లు. చెప్పులొద్దు. అత్తరు, సెంటు అసలే వద్దు, తేనెటీగలు మీ చుట్టూ తిరుగుతాయి. బట్టలు పసుపు రంగువి వేస్తే మనిషి చేలో కలిసిపోతాడు. నీలం, తెలుపు, ముదురు ఎరుపు బాగుంటాయి. మా అమ్మ నీలం నేతచీరలో కుసుమ చేను గట్టున నిల్చున్న ఫొటో మా ఇంటి హాల్లో ఉంది. అప్పటికి ఆమెకు అది ఫొటో కోసం కట్టుకున్న చీర కూడా కాదు.

డ్రోన్ గురించి ఒక్క మాట. శంషాబాద్, బేగంపేట ఎయిర్‌పోర్టులు, హకీంపేట, దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ స్థావరాల చుట్టూ ఎగరడానికి ఆంక్షలున్నాయి. డ్రోన్ ఎక్కడ ఎగరవచ్చో రంగుల్లో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాపులో మీ చోటు ఏ రంగులో ఉందో చూడకుండా తీసుకెళ్ళకండి.

దారి, టైమూ

ఫిబ్రవరి నడుమ హైదరాబాద్‌లో సూర్యోదయం దాదాపు 6:40కి, మార్చి నడుమకు అది 6:25 అవుతుంది. చేవెళ్ల వైపు అయితే మెహిదీపట్నం నుంచి ఐదింటికి కదలాలి, 40 కిలోమీటర్లే అయినా. అప్పా జంక్షన్ దాటాక మొయినాబాద్, చేవెళ్ల మీదుగా మన్నెగూడ దాకా వెళ్ళే బీజాపూర్ రోడ్డు పక్కన వందలకొద్దీ పాత మర్రిచెట్లున్నాయి. రోడ్డు వెడల్పు చేయాలా, మర్రుల్ని కాపాడాలా అని ఏళ్ళ తరబడి గొడవ నడిచింది. చీకట్లో వేగంగా పోకండి. రోడ్డు పనులు, మర్రి మొదళ్ళు, తాడు తెంపుకున్న గేదెలు, ఏదైనా ఎదురుకావచ్చు.

నేను పెట్టుకునే క్రమం ఇది. తెల్లారేసరికి చేవెళ్ల పక్క బంతి చేను. తొమ్మిదిన్నరకు కదిలి, మన్నెగూడ మీదుగా వికారాబాద్. ఎండ తలకెక్కే వేళ అనంతగిరిలో నీడ. మూడున్నరకు తాండూరు దారిలో మోదుగు, చివరి గంట నల్లరేగడిలో కుసుమ. నగరం నుంచి వికారాబాద్ 75 కిలోమీటర్లు, అక్కడి నుంచి తాండూరు ఇంకో 40. ఇంటికొచ్చేసరికి రాత్రి తొమ్మిదవుతుంది. పొద్దుతిరుగుడే కావాలనుకుంటే ఇదంతా వదిలి, రాజీవ్ రహదారి పట్టుకుని సిద్దిపేట వైపు పోవాలి. రెండూ ఒకే రోజు కుదరవు, ప్రయత్నించకండి.

కారు లేనివాళ్ళకు నాంపల్లి, బేగంపేట, లింగంపల్లిల నుంచి వికారాబాద్, తాండూరులకు రైళ్ళున్నాయి. మెహిదీపట్నం నుంచి చేవెళ్లకు బస్సులున్నాయి. దిగాక ఆటో మాట్లాడుకోవడమే.

గట్టెక్కే ముందు అడగండి

చేను ఖాళీగా కనిపించినా ఎవరో ఒకరు ఉంటారు, మోటరు గది దగ్గరో, చింతచెట్టు కిందో. కెమెరా సంచిలోనే ఉంచి వెళ్ళి పలకరించండి. ముందే మెడలో కెమెరా వేలాడుతుంటే భూమి సర్వేకొచ్చారనో, రోడ్డు కోసం కొలవడానికొచ్చారనో అనుకుంటారు. మొయినాబాద్, చేవెళ్ల వైపు భూముల ధరలు తెలిసినవాళ్ళకు ఆ అనుమానం ఎందుకో చెప్పక్కర్లేదు.

"కాకా, మంచిగున్నవా? పూలు శానా మంచిగ పూసినయి. గట్టు మీద నిలబడి రెండు ఫొటోలు తీస్కోవచ్చునా?"

"ఏడికెళ్లి ఒచ్చిండ్రు?"

"పట్నంకెల్లి కాకా."

"తీస్కోండ్రి. లోపటికి పోకుండ్రి, పువ్వు తెంపకుండ్రి. నిన్ననే మందు కొట్టినం."

ఇందులో చివరి మాట ముఖ్యం. మందు కొట్టిన చేనైతే పిల్లల్ని గట్టు మీదే ఆపండి. ఎవరైనా వీపున పంపు వేసుకుని కొడుతుంటే ఆ పక్కకే వెళ్ళకండి.

డబ్బు ఇవ్వాలా అని అడుగుతారు. నేనైతే ఇవ్వను. బంతి చేనైతే రెండు కిలోలు కొంటాను, మార్కెట్ ధర అడిగి అంతే ఇస్తాను. పూలు కోస్తున్న ఆడవాళ్ళను 'ఇటు చూడండి, నవ్వండి' అని ఆపకండి. వాళ్ళది కూలి పని, పొద్దెక్కక ముందే కోత అయిపోవాలి. అడిగి, పని చేస్తుండగానే తీసుకోండి. అవే బాగుంటాయి కూడా, ఒడిలో పూలు, కొంగు బిగించిన తల, వెనక మంచు.

వెలుగు, కెమెరా

పొద్దుతిరుగుడుకు ఆ పేరు ఎవరు పెట్టారో కానీ, విచ్చుకున్న పువ్వు పొద్దుతో తిరగదు. మొగ్గ దశలో ఉన్న లేత మొక్కే తూర్పు నుంచి పడమరకు తిరుగుతుంది. పువ్వు విచ్చుకున్నాక తూర్పుకే ముఖం పెట్టి ఉండిపోతుంది. అందుకే మ్యాపులో రోడ్డు ఏ వైపుందో చూడమన్నాను. చేను రోడ్డుకు పడమటి వైపు ఉంటే, రోడ్డు మీద నిలబడ్డ మీకు పూల ముఖాలన్నీ కనిపిస్తాయి. పొద్దున సూర్యుడు మీ వీపు వెనక, వెలుగు పూల మీద. సాయంత్రం అదే చోటికి వస్తే సూర్యుడు పూల వెనక్కి వెళ్ళి, రేకులు దీపపు చిమ్నీల్లా వెలుగుతాయి. పడమటి గట్టున నిలబడితే రోజంతా కాడలూ వీపులే.

ఇక ఎక్స్‌పోజర్, అంటే ఫొటోలోకి ఎంత వెలుగు రానివ్వాలన్న లెక్క. పూలచేల ఫొటోలు పాడయ్యేది ఎక్కువగా దీని వల్లే. కెమెరా చేనంతా చూసి సగటు లెక్క వేస్తుంది. ముదురు ఆకులు చూసి వెలుగు పెంచుతుంది, దాంతో పసుపు రేకుల్లోని గీతలన్నీ చెరిగిపోయి గోడకు రంగు పూసినట్టవుతుంది. ఫోన్‌లో పువ్వు మీద వేలు నొక్కి పట్టుకుంటే ఫోకస్ లాక్ అవుతుంది. పక్కన వచ్చే సూర్యుడి గుర్తును కొంచెం కిందికి లాగండి. కెమెరాలో అయితే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ మైనస్ 0.7 పెట్టి మొదలుపెట్టండి, బంతికి, మోదుగుకు మైనస్ 1 దాకా పోవచ్చు. రంగుల వెలుగును గీతలుగా చూపే హిస్టోగ్రామ్‌లో ఎరుపు గీత కుడి అంచుకు గుద్దుకోకుండా చూసుకోండి, అన్నిటికంటే ముందు పోయేది ఎరుపే. రంగులు పెంచే వివిడ్ మోడ్ తీసేయండి. ఈ పూలకు అదనపు రంగు అవసరం లేదు.

చేను పలచగా కనిపిస్తోందని అనిపిస్తే అది చేను తప్పు కాదు, లెన్సుది. వెడల్పు లెన్సు మొక్కల మధ్య ఖాళీలన్నీ చూపిస్తుంది. వెనక్కి జరిగి రెండు రెట్లో, మూడు రెట్లో జూమ్ చేయండి. సాళ్ళు ఒకదాని మీద ఒకటి పడి, ఎకరం చేను పదెకరాలుగా కనిపిస్తుంది. దూరం దాకా అన్నీ స్పష్టంగా కావాలంటే అపర్చర్ (లెన్సు రంధ్రం) ఎఫ్ 8, ఎఫ్ 11. ఒక్క పువ్వు కావాలంటే ఎఫ్ 2.8, ఎఫ్ 4. తేనెటీగ కోసం షట్టరు సెకనులో 1/1000 వంతు, దానితో పాటు ఓపిక. గాలి ఎనిమిదింటికి మొదలవుతుంది, దగ్గరి ఫొటోలు దానికి ముందే ముగించండి.

బంతి మొక్కలు పొట్టివి. నిలబడి తీస్తే పూల కంటే మల్చింగ్ షీటు, డ్రిప్ పైపులే ఎక్కువ పడతాయి. దుప్పటి పరిచి మోకాళ్ళ మీద కూర్చుని, పూల ఎత్తుకు కెమెరా తెస్తే ప్లాస్టిక్ అంతా దాక్కుంటుంది.

మనుషుల్ని తీసేటప్పుడు ఒక చిక్కు. పొద్దున్నే పూలతో పాటు మనిషినీ తూర్పుకు తిప్పితే కళ్ళు చికిలిస్తారు. సూర్యుడు పైకి వచ్చిన మొదటి పావుగంటలో తీసేయండి, లేదా సాయంత్రం వెలుగు వీపున పెట్టి, థర్మాకోల్ షీటుతో ముఖం మీదికి మళ్ళించండి. షీటు పట్టుకునే పని పదేళ్ళ పిల్లలకు అప్పజెప్పండి, వాళ్ళు విసుక్కోకుండా ఉండే ఒకే ఒక్క పని అదే.

కింద చూసుకోండి

ఇది దాటేయకండి. తెలంగాణ చేలల్లో గట్టు లేని పాత వ్యవసాయ బావులుంటాయి, చుట్టూ గడ్డి పెరిగి కనిపించవు. ఫ్రేములో చేనంతా పట్టడానికి వెనక్కి వెనక్కి నడవడం ఈ పనిలో అన్నిటికంటే ప్రమాదం. తిరిగి చూసి, అప్పుడు జరగండి. అడవిపందుల కోసం కొన్ని చోట్ల రాత్రిపూట తీగలకు కరెంటు పెడతారు. అది చట్టవిరుద్ధం, మనుషులూ చనిపోయారు, అయినా పెడతారు. అందుకే చీకట్లో చేలోకి కాలు పెట్టకండి. తెల్లారి, రైతు కనపడి, సరే అన్నాకే గట్టెక్కండి. చుట్టూ చీరలు కట్టిన చేను కనిపిస్తే అది కూడా పందులను బెదిరించడానికే, ఫొటోకు చాలా బాగుంటుంది. గట్టు మీద అడుగు బరువుగా వేస్తూ నడిస్తే పాము ఉంటే తప్పుకుంటుంది. రక్తపింజర మాత్రం కదలకుండా పడుకునే రకం, కాబట్టి కళ్ళూ కిందే ఉండాలి.

మిట్టమధ్యాహ్నం

పదకొండు నుంచి మూడు దాకా చేలో తీసిన ఫొటోలు నేను ఒక్కటీ ఉంచుకోలేదు. అనంతగిరిలో పద్మనాభస్వామి గుడి ఉంది, మూసీ పుట్టేది ఈ కొండల్లోనే. తిని, కాసేపు నడుం వాల్చండి. ఆకులు రాలే కాలం, అడవంతా ఎండు ఆకులే. సిగరెట్టు, పొయ్యి పెట్టకండి.

మోదుగు

ఫిబ్రవరి చివర్లో ఆకంతా రాల్చేసి, మార్చి నడుమ దాకా ఒళ్ళంతా పువ్వే. కాముని పున్నమికి పల్లెల్లో ఈ పూలే ఉడకబెట్టి రంగు చేసేవారు. విస్తర్లు కుట్టే ఆకు కూడా దీనిదే. సంస్కృతంలో కింశుకం, అంటే 'చిలుకా ఏమిటి?' అని. ఒక్క పువ్వును దగ్గరగా చూస్తే ఆ పేరు పెట్టిన మనిషి కళ్ళెలాంటివో తెలుస్తుంది. వంకర ముక్కు, నల్లని మఖమలు లాంటి తొడిమ. చెట్టంతా ఒక్క ఫ్రేములో పెట్టాలని చూడకండి, కొమ్మల గజిబిజి తప్ప ఏమీ రాదు. సూర్యుణ్ణి వీపున పెట్టుకుని, ఒక్క కొమ్మను నీలాకాశం ముందు పట్టండి. చెట్టు కింద పావుగంట మాట్లాడకుండా కూర్చుంటే తేనెపిట్టలు, గోరింకలు వస్తాయి. వాటి తర్వాత పిల్లలు ఎవరైనా వచ్చి, ఏం చూస్తున్నారని అడుగుతారు.

అక్కడి నుంచి కుసుమ చేనుకు ఐదింటికల్లా చేరండి. ఎదురు వెలుగులో ముళ్ళ అంచులు వెండిగీతల్లా మెరుస్తాయి, ఫిబ్రవరిలో అయితే 6:15 దాటాక వెలుగుండదు.

ఇంటికొచ్చాక

రైతు నంబరు తీసుకుని ఉంటారు కదా, ఆ రాత్రే వాట్సాప్‌లో ఫొటోలు పంపండి. వీలైతే ఒకటి ప్రింట్ వేయించి తర్వాతిసారి తీసుకెళ్ళండి. తేదీ, ఊరు, పువ్వు ఏ దశలో ఉంది, ఇవి రాసి పెట్టుకోండి. వచ్చే జనవరిలో బయల్దేరే ముందు ఫోన్ చేయడం మాత్రం మర్చిపోకండి. కిందటేడు అదే చేను, అదే చింతచెట్టు, అదే వెలుగు అనుకుంటూ నేను లెన్సు తుడుచుకుని మరీ ఫోన్ చేశాను.

"కాకా, పువ్వు ఎంతదాక వచ్చింది?"

"పువ్వేడిది బిడ్డా. గీసారి మక్కలేసిన."